దీపావళికి ఇంటినిండా చుట్టాలు, ఇంట్లో కుక్క, రెండేళ్ళ పాప: ముందే ఏమేం సర్దుకోవాలి?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్తే. మాది మారతహళ్ళిలో అపార్ట్‌మెంట్, మూడో ఫ్లోరు, టూ బీహెచ్‌కే. ఈసారి దీపావళికి అనంతపురం నుంచి అమ్మానాన్న, కర్నూలు నుంచి అక్కావాళ్ళు వస్తున్నారు. అక్క కూతురికి రెండేళ్ళు, ఏది దొరికితే అది నోట్లో పెట్టేసుకుంటుంది. అమ్మకి ఆస్తమా ఉంది. ఇక మా బ్రౌనీ, వీధిలోంచి తెచ్చి పెంచుకున్న ఇండీ, అయిదేళ్ళది, మామూలు రోజుల్లో బంగారం కానీ టపాసు పేలిందంటే చాలు వణుకుతూ రొప్పుతూ చొంగ కార్చుకుంటూ మంచం కింద దూరి తెల్లారేదాకా బయటకి రాదు, అన్నం ముట్టదు, పోయినేడాది తలుపు గీరి గీరి గోళ్ళ నుంచి రక్తం కూడా వచ్చింది.

పక్క ఫ్లాటాయన మనుషులు వేసుకునే నిద్రమాత్ర సగం వేసెయ్యండి, హాయిగా పడుకుంటుంది అంటున్నారు, వెయ్యొచ్చా? ఇంకో రెండు వారాలు టైముంది. నరకచతుర్దశి పొద్దున్న ఎనిమిదిమందిమి ఒకరి తర్వాత ఒకరం తలంట్లు పోసుకోవాలి, బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. పాపకి దెబ్బలు తగలకుండా, అమ్మకి ఆయాసం రాకుండా, బ్రౌనీ భయపడకుండా ఎలా చూసుకోవాలో చెప్పండి ప్లీజ్.

జవాబు (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

అక్కా, ముందు ఆ నిద్రమాత్ర సంగతి. అస్సలు వద్దు. మన డోసు వేరు, కుక్క డోసు వేరు, పైగా కొన్ని మాత్రలకి ఒళ్ళు కదలదు గానీ భయం అలాగే ఉంటుంది, అంటే పాపం అన్నీ వినపడుతూనే ఉంటాయి, లేచి పారిపోదామన్నా కాళ్ళు రావు. కుక్కలకి మత్తు కోసం ఇచ్చే ఎసిప్రొమజైన్ ఒక్కటే ఇస్తే ఇదే సమస్య అని ఇప్పుడు వెట్‌లు, అంటే జంతువుల డాక్టర్లు, అంత తొందరగా రాయట్లేదు. భయం తగ్గించే మందులు వేరే ఉన్నాయి, ట్రాజోడోన్, గాబాపెంటిన్ లాంటివి, బరువు చూసి, గుండె లివర్ చూసి డాక్టరే రాయాలి. గాబాపెంటిన్ అని విని మెడికల్ షాపులో మనుషుల సిరప్ మాత్రం కొనేరు, కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి కలుపుతారు, అది కుక్కలకి విషం. ఈ వారంలోనే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి, పండక్కి ముందే ఒక మామూలు రోజున ఒక డోసు వేసి ఎలా ఉంటుందో చూడమంటారు, అది చాలా ముఖ్యం. టపాసులు మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచెయ్యదు, ముందే వెయ్యాలి.

రెండోది గది. కుక్కకి మనకంటే చాలా ఎక్కువ వినపడుతుందండి, మనకి 20 వేల హెర్ట్జ్ దాకా అయితే వాటికి 45 వేల దాకా. అందుకని వీధి వైపు లేని గది చూడండి. కారిడార్ పక్క బాత్రూమో, స్టోర్ రూమో, బీరువాకీ గోడకీ మధ్య సందో. మా ఇంట్లో ఏం చేస్తామంటే లోపలి బెడ్‌రూమ్‌లో మంచం పక్కన ప్లాస్టిక్ టేబుల్ వేసి మూడు వైపులా పాత బొంత కప్పుతాం, కింద దాని పరుపుతో పాటు మా ఆయన ఉతకని టీషర్టు వేస్తాం. కిటికీ మూసి కర్టెన్ లాగి ఫ్యాన్ అయిదులో పెట్టి టీవీ కూడా ఆన్ చేస్తాం. టపాసులు మొదలయ్యే ముందు చప్పగా కలిపిన పెరుగన్నం స్టీల్ గిన్నెలో అదిమి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పెడతాం, తాలింపు ఉల్లిపాయ ఏమీ వెయ్యకుండా, దాన్ని నాకుతూ చాలాసేపు గడిపేస్తుంది. ఈ ఏర్పాటు పండగ రోజు చేస్తే లాభం లేదు, ఇవ్వాళ్టి నుంచే ఆ టేబుల్ కింద రోజూ ఏదో ఒకటి తినిపించండి, ఇది నా చోటు అని దానికి తెలియాలి.

యూట్యూబ్‌లో టపాసుల సౌండ్ పెట్టి అలవాటు చెయ్యమంటారు కొందరు. అది నెలల తరబడి చిన్న సౌండ్ నుంచి మొదలుపెట్టి చేసే పని, ఈ రెండు వారాల్లో పెడితే భయం ఇంకా ఎక్కువవుతుంది, వదిలెయ్యండి.

జవాబు (బీటీఎమ్)

ఒక డౌటు. భయపడినప్పుడు దగ్గరికి తీసుకుని ముద్దు చేస్తే ఆ భయం అలవాటైపోతుందని మా ట్రైనర్ చెప్పాడు, అసలు పట్టించుకోకూడదంట కదా?

జవాబు (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

పాత మాట బ్రో అది. భయమంటే షేక్‌హ్యాండ్ నేర్పినట్టు బిస్కెట్ ఇస్తే పెరిగేది కాదు. వచ్చి ఒళ్ళో పడుకుంటే పడుకోనివ్వండి, మెల్లగా నిమరండి. రాకపోతే మాత్రం మంచం కింద నుంచి కాలు పట్టి లాగొద్దు, ఎంత మంచి కుక్కైనా ఆ టైములో కరవొచ్చు. అక్కా, మీ ఇంట్లో పాప ఉందిగా, బ్రౌనీ ఉన్న గదిలోకి ఆ మూడు రోజులూ పాప ఒంటరిగా వెళ్ళకుండా తలుపు గడియ పైన ఉండేట్టు చూసుకోండి. ఎవరో ఒక పెద్దవాళ్ళకి ఆ బాధ్యత అప్పజెప్పండి, అందరూ చూస్తున్నారులే అనుకుంటే ఎవరూ చూడరు.

జవాబు (వైట్‌ఫీల్డ్)

మేడమ్, మీరు మాటవరసకి రాసిన గ్యాస్ గీజర్ దగ్గర నేను ఆగిపోయా. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉండి, చలికి వెంటిలేటర్ మూసేసి, అది ఆగకుండా మండుతుంటే గదిలో ఆక్సిజన్ తగ్గిపోయి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట అది 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది, తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, అంతలోనే స్పృహ తప్పడం, తలుపు తీసే ఓపిక కూడా ఉండదు. మన బెంగళూరులో ఇలా స్నానానికి వెళ్ళి ప్రాణాలు పోయిన వార్తలు చలికాలంలో చూస్తూనే ఉంటాం. ఇక్కడివాళ్ళు నీరు తుంబువ హబ్బ అని ముందు రోజే నీళ్ళు నింపి పెట్టుకుంటారు, మర్నాడు తెల్లవారుజామునే తలంట్లు. అంటే ఏడాదిలో ఆ గీజర్ ఎక్కువసేపు ఆగకుండా మండేది ఆ పొద్దున్నే.

ఎనిమిదిమంది వరసగా అంటున్నారు కాబట్టి ఇలా చెయ్యండి. వెంటిలేటర్ పూర్తిగా తెరిచి, తలుపు తీసిపెట్టి బకెట్లు నింపండి, గీజర్ ఆపెయ్యండి, తలుపు కాసేపు బార్లా తెరిచి ఉంచి గాలి ఆడనివ్వండి, ఆ తర్వాతే లోపలికి వెళ్ళాలి. మనిషి లోపల స్నానం చేస్తుండగా గీజర్ వెలగకూడదు, ఇదొక్కటి అందరికీ ముందే చెప్పేయండి. లోపల గడియ పెట్టుకోవద్దనండి, ముఖ్యంగా అమ్మగారిని, పాపకి నీళ్ళు పోసేవాళ్ళని. పిలిస్తే పలక్కపోతే ఆలోచించకుండా తలుపు తోసేసి, గ్యాస్ కట్టేసి, మనిషిని బయట గాలిలోకి లాక్కొచ్చి 108కి ఫోన్. పండగ అయ్యాక ఆ గీజర్‌ని యుటిలిటీలోకో బాల్కనీలోకో మార్పించండి, ఓనర్ ఒప్పుకోకపోయినా గట్టిగా అడగండి. ఈ రెండు వారాల్లో కుదిరితే ఇంకా మంచిది, ప్లంబర్ పని అంతే.

ప్రశ్న అడిగినవారు

అన్నా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. ఇవ్వాళే ఓనర్‌కి ఫోన్ చేస్తా, కాదంటే ఈ పండక్కి వంటింట్లోనే నీళ్ళు కాచుకుంటాం. పాప గురించి కూడా ఎవరైనా చెప్పండి. నిప్పు భయం లేకుండా ఉంటుందని ఈసారి బ్యాటరీ దీపాలు రెండు డజన్లు తెప్పించాను.

జవాబు (జయనగర్)

నేను పిల్లల వార్డులో నర్సుని. ఆ బ్యాటరీ దీపాల అడుగు ఒకసారి తిప్పి చూడండమ్మా. చాలావాటిల్లో రూపాయి బిళ్ల లాంటి బటన్ సెల్ ఉంటుంది, దాని మూత వేలితో నొక్కితే ఊడొస్తుంది. పాప అది మింగి గొంతు దగ్గర ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుంది, చిన్న షాక్ లాగా కరెంటు పారి తడి తగిలిన చోట క్షారం తయారవుతుంది. మొదట్లో పిల్లలు మామూలుగానే ఆడుకుంటారు, చొంగ ఎక్కువ కారుస్తారు, అన్నం వద్దంటారు, దాంతో జలుబేమో అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. ఒక్క బిళ్ల లెక్క తగ్గినా అనుమానమొచ్చినా నేరుగా ఎక్స్‌రే ఉన్న పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. వాంతి చేయించకూడదు. ఏడాది దాటిన పిల్లలకి దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె పట్టొచ్చు, ఆరు సార్లకి మించకుండా, కానీ తేనె కోసం వెతుకుతూ బయల్దేరడం లేటు చెయ్యకండి. స్క్రూ ఉన్న మూత దీపాలైతే వాడుకోండి, లేనివి తిరిగి ఇచ్చేయండి.

హారతి కర్పూరం కూడా అంతే, పటికబెల్లంలా తెల్లగా కనపడుతుంది, పిల్లలు కొద్దిగా మింగినా కాసేపట్లోనే ఫిట్స్ రావచ్చు. పూజ అయ్యాక డబ్బా దేవుడి గూట్లో వదలకుండా పై అరలో పెట్టండి. బీరువాలో వేసే కలరా ఉండలు కూడా కింద ఉంచొద్దు.

కాకరపువ్వొత్తులు చిన్నపిల్లలవేలే అనుకుంటాం, అవి వెయ్యి డిగ్రీల దాకా కాలతాయి, ఆరిపోయాక కూడా ఆ కమ్మీ చాలాసేపు ఎర్రటి వేడి మీదే ఉంటుంది, కాల్చేవాళ్ళ కంటే వెనక చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకే కాళ్ళు కాలతాయి. పక్కనే బకెట్టు నీళ్ళు పెట్టుకుని అయిపోయింది అయిపోయినట్టు అందులో ముంచెయ్యండి. పాపకి నైలాన్ లంగా జాకెట్టు కాకుండా నూలు గౌను వెయ్యండి. కాలితే కుళాయి కింద పారే నీళ్ళలో 20 నిమిషాలు, వాచకముందే గాజులు తీసేయాలి, ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ పసుపు నెయ్యి ఏదీ పుయ్యొద్దు, మేం మళ్ళీ అదంతా కడగాలి, పిల్లలకి నరకం. బట్ట చర్మానికి అతుక్కుంటే పీకకండి. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే నలపకుండా, నొక్కకుండా, పేపర్ కప్పు పైన బోర్లించి పట్టుకుని మింటోకి వెళ్ళిపోండి, చామరాజపేటలో ఉంది, సర్కారు కంటి ఆస్పత్రి.

జవాబు (వేళచ్చేరి, చెన్నై)

నేను చెన్నైలో ఉంటా. మా దగ్గర సర్కారు పొద్దున 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8 అని టైమ్ పెట్టింది కాబట్టి కుక్కని ఎప్పుడు బయటకి తిప్పాలో తెలుస్తుంది. మీకు అక్కడ రాత్రి 8 నుంచి 10, 2018లో సుప్రీంకోర్టు దీపావళికి పెట్టిన టైమే. నిజానికి అంతకు ముందూ తర్వాతా కూడా కాలుస్తారు, అందుకని చీకటి పడకముందే వాకింగ్, అన్నం రెండూ అయిపోవాలి. కాలర్ ఒక్కటే నమ్ముకోవద్దు, భయపడి వెనక్కి గుంజితే తల జారిపోతుంది. ఛాతీ చుట్టూ వేసే పట్టీ, హార్నెస్ అంటారు, అది వేసి, దానికీ కాలర్‌కీ రెండిటికీ తాడు కట్టండి.

చుట్టాలకి ఇంకో మాట చెప్పండి, ప్రేమగా పెడుతుంటారు కదా. చాక్లెట్ వద్దు, డార్క్ అయితే మరీ ప్రమాదం. కిస్మిస్ కిడ్నీలని పాడుచేస్తుంది, అంటే పాయసం లడ్డూ కట్. ఉల్లి పకోడీ కూడా. షుగర్‌ఫ్రీ స్వీట్లు నాన్నగారి కోసం తెస్తే అట్ట మీద జైలిటాల్ ఉందేమో చదవండి. తినేసిందని తెలిస్తే ఉప్పునీళ్ళు పట్టకండి, ఆ అట్ట తీసుకుని వెట్ దగ్గరికి పరిగెత్తండి. పిల్లి ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, బొకేల్లో వచ్చే లిల్లీలు ఇంట్లోకే తేవొద్దు, పుప్పొడి నాకినా, ఆ వాజ్‌లో నీళ్ళు తాగినా కిడ్నీలు పోతాయి.

జవాబు (బీటీఎమ్)

మీ అమ్మగారికి: ఇన్‌హేలర్‌లో డోసులు ఎన్ని మిగిలాయో ఇప్పుడే చూసుకోమనండి, పండగ రోజు షాపులు దొరకవు. పాము బిళ్లలు మీ ఫ్లోర్లో ఎవరూ వెలిగించకుండా అసోసియేషన్ గ్రూప్‌లో పెట్టండి, చప్పుడుండదు కాబట్టి పిల్లల చేతికిచ్చేస్తారు కానీ పొగ మామూలుగా ఉండదు. మర్నాడు పొద్దున చీపురుతో ఊడ్వకుండా తడిబట్ట పెట్టండి. ఆవిడ బయటకి రావాలనుకుంటే ఎన్95 మాస్క్, గుడ్డ మాస్క్‌తో పని జరగదు.

అలాగే గ్రూప్‌లో ఇంకోటి, కాల్చేది గేటు బయటో పార్కింగ్ దగ్గరో కాకుండా ఒకేచోట పెట్టుకుందామని అడగండి. మా దగ్గర బేస్‌మెంట్ ఒక మూల వీధికుక్కల కోసం వదిలేసి గోనెపట్టాలు, నీళ్ళ తొట్టి పెడతాం, సెక్యూరిటీ అంకుల్‌కి చెప్పి ఆ మూడు రాత్రులూ తరమొద్దంటాం. కార్లు తీసేముందు కింద ఒకసారి వంగి చూడాలి, అక్కడే దాక్కుంటాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఓనర్ ఒప్పుకున్నారు, ఆదివారం గీజర్ యుటిలిటీలోకి మారుస్తున్నారు. దీపాలు తిప్పి చూశాను, స్క్రూలు లేవు, అన్నీ రిటర్న్ పెట్టేశా. వెట్ అపాయింట్‌మెంట్ శనివారం. చివరిది, చుట్టాలు వస్తూ పోతూ ఉంటారు, ఆ సందట్లో బ్రౌనీ తలుపులోంచి పారిపోతే?

జవాబు (హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్)

కాలర్ ట్యాగ్ మీద పేరుతో పాటు రెండు ఫోన్ నంబర్లు రాయించక్కా, శనివారం వెట్ దగ్గరే మైక్రోచిప్ కూడా అడుగు, చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్ అది. పక్క నుంచీ ఎదురుగా కనపడేట్టు ఇప్పటి ఫోటోలు తీసి గేటు దగ్గర సెక్యూరిటీకి పంపించు. మెయిన్ డోర్‌కి లోపల అడ్డంగా బేబీ గేట్ పెడితే పాపకీ బ్రౌనీకీ ఇద్దరికీ పనికొస్తుంది. ఒకవేళ వెళ్ళిపోతే అందరూ పేరు పెట్టి అరుస్తూ వెంటపడొద్దు, ఇంకా పరిగెడుతుంది, ముందు బేస్‌మెంట్, జనరేటర్ వెనక, కార్ల కింద, మెట్ల కింద చూడండి, కనపడితే కింద కూర్చుని పక్కకి తిరిగి పిలవండి. హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికీ, మీ వెట్‌కీ ఫోన్ చేసి పండగ రోజుల్లో ఏ టైముల్లో ఉంటారో ఇప్పుడే కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించెయ్.