అబార్షన్ తర్వాత మనసు కుదుటపడేందుకు స్వస్థత సదస్సు: ఏర్పాట్లు ఎలా చేయాలి?

ఒలీవకొమ్మ (ప్రశ్న):

అందరికీ వందనాలండి. అబార్షన్ జరిగాక ఆ బాధను ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోతున్నవాళ్ల కోసం మా స్త్రీల సహవాసం ఒక స్వస్థత సదస్సు పెట్టాలనుకుంటోంది. మామూలు కూటాలు నడపడం బృందానికి తెలుసు, ఈ అంశమే కొత్త. ఇప్పటికి అనుకున్నది ఇదీ: ఒక్క రోజు, 120 మంది పట్టే హాలు, ఉదయం ఆరాధన, వాక్యం, ఇద్దరి సాక్ష్యాలు, మధ్యాహ్నం ముందుకు పిలిచి చేతులుంచి ప్రార్థన. ప్రార్థన చేసే సహోదరీలు నలుగురున్నారు. కౌన్సిలర్ ఎవరూ లేరు.

ఈ పద్ధతి సరిపోతుందా? పేర్ల నమోదు గుట్టుగా ఎలా జరగాలి? పోయిన బిడ్డ జ్ఞాపకార్థం చిన్న ఆరాధన పెట్టొచ్చా? మగవాళ్లను పిలవాలా? మధ్యలో ఎవరైనా తట్టుకోలేకపోతే ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బేతనియఇల్లు:

వందనాలు సిస్టర్. ముందుగా ఆ ముందుకు పిలిచే భాగం తీసేయండి. 120 మంది ఉన్న హాల్లో లేచి ముందుకు నడవడమంటే, "నాకు అబార్షన్ అయింది" అని అందరి ఎదుటా చెప్పేయడమే. ఆమెను ఎరిగినవాళ్లు, బంధువులు అక్కడే కూర్చుని ఉంటారు. లేవలేక కూర్చుండిపోయినవాళ్లేమో "దేవుడు పిలిచినా నేను వెళ్లలేకపోయాను" అని ఇంకో బరువు నెత్తికెత్తుకుని ఇంటికెళ్తారు.

పెద్ద హాలు బోధకు పనికొస్తుంది గానీ గాయం విప్పుకోవడానికి పనికిరాదు. కాబట్టి దీన్ని రెండుగా విడగొట్టండి. మొదటిది సంఘమంతటి కోసం రెండున్నర, మూడు గంటల బహిరంగ సభ. దుఃఖం గురించి, కృప గురించి, ఇలాంటి మాట ఎవరైనా చెవిన వేస్తే ఎలా వినాలి అన్నదాని గురించి బోధించండి. అందరూ వస్తారు కాబట్టి ఎవరు ఎందుకొచ్చారో ఎవరికీ తెలియదు. ఎవరినీ చెయ్యెత్తమనకండి. బయటికి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒకే చీటీ పెట్టండి, అందులో ఫోన్ నంబరు ఉంటుంది. అందరికీ ఇవ్వడమే ముఖ్యం. బల్ల మీద పెట్టి "కావలసినవాళ్లు తీసుకోండి" అంటే, కావలసినవాళ్లే తీసుకోరు.

రెండోది మూసిన గుంపుతో, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా. అబార్షన్ తర్వాత స్వస్థత కోసం నడిచే రాచెల్స్ వైన్‌యార్డ్ శిబిరాలు ఇలా వారాంతంలోనే జరుగుతాయి. 1984లో అమెరికాలోని మిల్వాకీ కథోలిక అగ్రమేత్రాసనంలో (ఆర్చ్‌డయోసిస్‌లో) మొదలైన ప్రాజెక్ట్ రాచెల్ దారి వేరు. అక్కడ శిబిరం కన్నా, ఒక్కొక్కరినీ శిక్షణ పొందిన గురువులతో (ఫాదర్లతో), కౌన్సిలర్లతో కలపడమే ప్రధానం. రెండూ చూసి మీ బలానికి తగ్గది ఎంచుకోండి.

శిబిరానికి 8 నుంచి 12 మంది చాలు. ముగ్గురు నలుగురికి ఒక ఫెసిలిటేటర్ (గుంపులో మాటలు నడిపించే మనిషి) ఉండాలి. మొదటి సాయంత్రం పరిచయాలు, నియమాలు, చిన్న ప్రార్థన, అంతే. ఎవరి కథా అప్పుడు వద్దు. రాత్రిపూట గాయం విప్పితే ఆ రాత్రి నిద్ర ఉండదు, మర్నాటికి సగం మంది సత్తువ లేకుండా వస్తారు. కథలు చెప్పుకోవడం శనివారం ఉదయం. మనిషికి 20 నిమిషాలు అనుకుంటే 10 మందికి 3 గంటల 20 నిమిషాలు. దాన్ని రెండు విడతలు చేసి మధ్యలో అరగంట విరామం ఇవ్వండి. చాలాచోట్ల ఈ లెక్క వేసుకోరు. మొదటి ముగ్గురు గంటన్నర మాట్లాడతారు, చివర మిగిలిన ఇద్దరికి ఐదేసి నిమిషాలు దక్కుతాయి. ఆ ఇద్దరే సాధారణంగా చెప్పడానికి ఎక్కువ భయపడి వెనక ఉండిపోయినవాళ్లు. సమయం చూసే మనిషి వేరుగా ఉండాలి, ఫెసిలిటేటర్ గడియారం చూస్తుంటే చెప్పేవాళ్లకు నోరు రాదు.

మధ్యాహ్నం కోపానికీ క్షమాపణకూ కేటాయించండి: ఒత్తిడి చేసినవాళ్ల మీద, వదిలేసినవాళ్ల మీద, తన మీద తనకున్న కోపం. పంపనవసరంలేని ఉత్తరం రాయడం ఇక్కడ బాగా పనిచేస్తుంది. జ్ఞాపకార్థ ఆరాధన ఆదివారం ఉదయం. చివరి రెండు గంటల్లో బరువైనది ఏదీ పెట్టకూడదు. ఇంటికెళ్లాక ఎవరికి చెప్పుకోవాలి, కష్టమైన రోజుల్లో ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాసుకునే సమయం అది.

సాక్ష్యం బహిరంగ సభలో ఒక్కటి చాలు, పది నిమిషాలు, ముందే రాసి చూపించినది. ఆసుపత్రిలో ఏం చేశారో ఆ వర్ణన అస్సలు వద్దు. శిబిరానికి వచ్చినవాళ్లను ఆదివారమే సాక్ష్యం చెప్పమని మైకు చేతికివ్వకండి. ఆ ఉత్సాహంలో చెప్పేసి, వారం తిరక్కుండానే ఎందుకు చెప్పానా అని కుంగిపోతారు.

నలిగినరెల్లు:

కౌన్సిలర్ లేరన్నారు కాబట్టి ఒక మాట సూటిగా చెబుతాను. మానసిక ఆరోగ్యంలో అర్హత ఉన్న మనిషి పూర్తికాలం అక్కడే ఉంటేనే శిబిరం పెట్టండి. దొరికేదాకా బహిరంగ సభ, ఆ తర్వాత ఒక్కొక్కరినీ సరైన చోటికి పంపడం, అంతవరకే ఆగండి.

పేరు ఇచ్చిన ప్రతి ఒక్కరితో ముందుగా 30, 40 నిమిషాలు విడిగా మాట్లాడాలి. ఎంతకాలమైంది, తన ఇష్టంతో జరిగిందా, బలవంతం మీద జరిగిందా, ఇప్పుడు ఇంట్లో కొట్టేవాళ్లున్నారా, ఏ మందులు వాడుతున్నారు, నిద్ర ఎలా ఉంది, మద్యం సంగతి, ఇప్పుడు గర్భవతా అన్నవి అడగండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని కూడా ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు, అది నిజం కాదు. పీహెచ్‌క్యూ-9 (కుంగుబాటును కొలిచే ప్రశ్నావళి) ఫారం వాడితే 9వ ప్రశ్న దాదాపు ఇదే, దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా ఆగి మాట్లాడాలి. ఈమధ్యే ప్రాణం తీసుకోబోయినవాళ్లకు, భ్రమలు కలుగుతున్నవాళ్లకు, సంఘటన జరిగి కొద్ది వారాలే అయినవాళ్లకు గుంపు సరైన చోటు కాదు. వాళ్లను డాక్టరు దగ్గరికి చేర్చి, మీ తోడు మాత్రం కొనసాగించండి.

సహజంగా గర్భం పోయినవాళ్లు కూడా పేరిస్తారు. వాళ్ల దుఃఖం నిజమైనదే, కానీ ఇద్దరినీ ఒకే గుంపులో కూర్చోబెడితే ఒకరి మాట ఇంకొకరికి గుచ్చుకుంటుంది. పిండంలో తీవ్రమైన లోపం ఉందని తెలిసి, కోరుకున్న బిడ్డనే పోగొట్టుకున్నవాళ్లకూ వీలైతే వేరే గుంపు ఉండాలి. బలవంతం మీద జరిగినవాళ్ల దగ్గర పశ్చాత్తాపంతో మొదలుపెట్టకండి. ముందు వాళ్లకు జరిగింది అన్యాయమని ఒప్పుకునేవాళ్లు కావాలి.

వేదిక మీద నుంచి "అబార్షన్ అయిన ప్రతి స్త్రీకీ డిప్రెషన్ వస్తుంది" అనకండి, అది వాస్తవం కాదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం 2008లో పరిశోధనలను పరిశీలించింది. అనుకోకుండా గర్భం దాల్చిన వయోజన స్త్రీలలో, మొదటి మూడు నెలల్లో ఒకసారి అబార్షన్ చేయించుకున్నవాళ్లకు మానసిక జబ్బుల ముప్పు, ప్రసవించినవాళ్లకన్నా ఎక్కువ కాదని తేల్చింది. మానసిక వైద్యులు జబ్బులను గుర్తించడానికి వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో అబార్షన్ పేరుతో విడి సిండ్రోమ్ ఏదీ లేదు. అలాగని బాధపడేవాళ్ల బాధ అబద్ధమూ కాదు. అంతకుముందే మానసిక సమస్యలుండటం, ఒత్తిడి, దాచుకోవాల్సిరావడం, తోడు లేకపోవడం, కోరుకున్న గర్భాన్నే వదులుకోవాల్సిరావడం బాధను పెంచుతాయి. కొందరిలో ఊరట, దుఃఖం రెండూ కలిసే ఉంటాయి. అది మామూలేనని వాళ్లు మీ నోటి నుంచి వినాలి.

ఎవరికైనా ఊపిరి ఆడక వణుకు పట్టుకుంటే నలుగురూ చుట్టుముట్టి చేతులుంచడం వద్దు, భయం రెట్టింపవుతుంది. తెలిసిన ఫెసిలిటేటర్ ఒక్కరే ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవాలి. పాదాలు నేలకు ఆనించమని, కళ్లకు కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు చెప్పమని, ఊపిరి మెల్లగా, తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు వదలమని చెప్పాలి. అడగకుండా తాకకూడదు. టిష్యూ పెట్టె అందేంత దూరంలో ఉంచండి చాలు, తీసి చేతికిస్తే "ఇక ఏడుపు ఆపు" అన్నట్టు తోస్తుంది. ప్రాణం తీసుకుంటానంటే ఒకరు క్షణం కూడా వదలకుండా ఉండాలి, ఇంకొకరు అత్యవసర సేవలకు ఫోన్ చేయాలి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. ప్రాణాపాయం, పిల్లల మీద హింస ఈ రెంటి విషయంలో గోప్యత ఉండదని మొదటి సాయంత్రమే చెప్పి ఉంచాలి. విశ్వాసం ఉంటే మాత్రలు మానేయమని బృందంలో ఎవరూ అనకూడదు. ఇది రాతపూర్వక నియమంగా పెట్టుకోండి.

ఒలీవకొమ్మ:

చాలా థ్యాంక్సండి. ముందుకు పిలవడం తీసేస్తున్నాం, కౌన్సిలర్ కోసం వెతుకుతాం. ఇంకో సందేహం: బిడ్డకు పేరు పెట్టడం వాక్యానుసారం కాదని మా పెద్దల్లో ఒకరు అభ్యంతరం చెబుతున్నారు. వాక్యం ఏ క్రమంలో పెట్టుకోవాలి?

ద్రాక్షతీగె:

క్రమమే ఇక్కడ అసలు విషయం. ముందు దేవుని హృదయం, తర్వాత విలాపం, ఆ తర్వాత ఒప్పుకోలు, చివర క్షమాపణ, నిరీక్షణ. ఒప్పుకోలుతో మొదలుపెడితే అప్పటికే తనను తాను శిక్షించుకుంటున్న మనిషికి ఇంకో కొరడా ఇచ్చినట్టే.

మొదటి సాయంత్రం కీర్తన 34:18 బాగుంటుంది. కీర్తన 139:13-16 చాలామంది ముందే చదువుతారు. నా మాట విని దాన్ని ఆదివారానికి ఉంచండి. తల్లి గర్భంలో నిర్మించిన దేవుని మాట, క్షమాపణ అందుకోని చెవికి నేరారోపణలా వినిపిస్తుంది. శనివారానికి మార్కు 5:25-34, లూకా 7:36-50 తీసుకోండి. మొదటిదాంట్లో చాటుగా వచ్చి వస్త్రం ముట్టినామెను ప్రభువు "కుమారీ" అని పిలిచాడు. రెండోదాంట్లో కన్నీళ్లతో తన పాదాలు తడిపిన స్త్రీ పాపాలు విస్తారమైనవన్నాడు గానీ ఒక్కటీ విప్పి చెప్పలేదు, తప్పుపట్టినవాడి ఎదుట ఆమె పక్షాన మాట్లాడాడు. విలాపానికి యిర్మీయా 31:15-17, అందులో పిల్లల కోసం రాహేలు ఏడ్చే ఏడుపుతో పాటు నిరీక్షణ కూడా ఉంది. ఒప్పుకోలుకు 1 యోహాను 1:9, రోమా 8:1. ఒకసారి ఒప్పుకున్నాక మళ్లీ మళ్లీ అదే ప్రార్థన చేయించమని అడిగేవాళ్లుంటారు. ప్రతిసారీ చేయిస్తే మొదటి క్షమాపణ చెల్లలేదని మీరే చెప్పినట్టవుతుంది. వాగ్దానం తెరిచి ఆమె చేతనే చదివించండి.

పేరు పెట్టమనే ఆజ్ఞా లేదు, వద్దనే ఆజ్ఞా లేదు. అందుకే దాన్ని ఐచ్ఛికంగా ఉంచండి. ఒక్కొక్కరికి ఒక కొవ్వొత్తి, ఒక కాగితం ఇవ్వండి. ఇష్టమైనవాళ్లు పేరు రాస్తారు, కొందరు ఒక వాక్యం రాస్తారు, కొందరు ఖాళీగా మడిచి పెడతారు, మూడూ సమానమే. 40 నిమిషాలు మించొద్దు. బొమ్మలు, ఉయ్యాల, పిండం నమూనాలు, చిత్రాలు అస్సలు వద్దు. బిడ్డ ఎక్కడున్నాడని అడుగుతారు. 2 సమూయేలు 12:23లో చనిపోయిన బిడ్డ గురించి దావీదు "నేను వానియొద్దకు పోవుదును" అన్న మాట చదవొచ్చు, అయితే దాని మీద సంఘాల బోధ ఒకటి కాదు, మీ సంఘ విశ్వాసం దాటి మాట ఇవ్వకండి.

కథోలికులు వస్తే పాపసంకీర్తనానికి (గురువు ఎదుట పాపాలు ఒప్పుకుని మన్నింపు పొందడానికి) గురువును పిలవండి, మనిషికి 15 నిమిషాల లెక్కన 10 మందికి ఇద్దరు గురువులుంటే నయం. పీఠాధిపతి (బిషప్) అనుమతి ఉన్న గురువే ఈ పాపాన్ని మన్నించగలడని పాతకాలం నుంచి భయపడేవాళ్లున్నారు. 2016 నవంబరులో పోప్ ఫ్రాన్సిస్ గురువులందరికీ ఆ అధికారం ఇచ్చారు. ఈ సంగతి ముందే చెబితే కొందరికి కొండంత భారం దిగుతుంది.

మగవాళ్లనూ పిలవండి. వాళ్ల గుంపు, వాళ్ల ఫెసిలిటేటర్ వేరు. ఒత్తిడి చేసిన భర్త ఎదురుగా కూర్చుంటే భార్య నిజం చెప్పదు. దంపతులను ఆదివారం ఆరాధనకు మాత్రం, అదీ ఇద్దరూ కోరితేనే కలపండి.

ద్వారపాలకుడు:

నమోదు సంగతి మాత్రం చెబుతాను. ఒకే నంబరు, ఒకే మనిషి దగ్గర. ఫోన్ చేసినవాళ్లను మొదట అడగాల్సింది: ఎప్పుడు చేయొచ్చు, వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెప్పాలి, మెసేజ్ పెట్టొచ్చా. రసీదు మీద, బ్యాంకు వివరాల్లో, గది బుకింగులో "ఆత్మీయ విశ్రాంతి శిబిరం" అని మాత్రమే ఉండాలి. వాట్సాప్ గ్రూపు పెట్టకండి, అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆన్‌లైన్ ఫారం వాడితే జవాబుల సారాంశం నింపినవాళ్లకు చూపించే సెట్టింగు ఆపి ఉందో లేదో చూసుకోండి. బ్యాడ్జి మీద వాళ్లు కోరిన పేరు. ఫొటోలు, లైవ్ రెండూ వద్దు.

స్థలం మీ చర్చి కాకుండా వేరేచోట చూడండి. పక్క హాల్లో పెళ్లి గానీ, పిల్లల పుట్టినరోజు గానీ లేదని బుక్ చేసేటప్పుడే అడగండి. మదర్స్ డే వారం, క్రిస్మస్ రోజులు వదిలేయండి.

అయిపోయాక రెండు మూడు రోజులకు, రెండు వారాలకు, ఆరు వారాలకు ఫోన్ చేయండి, ఎవరు చేస్తారో శిబిరంలోనే చెప్పి అనుమతి తీసుకోండి. ఇంటికి చేరిన మొదటి మూడు రోజుల్లో మనసు బాగా దిగజారడం మామూలు, ముందే చెప్పకపోతే స్వస్థత పోయిందనుకుంటారు. ప్రసవం కావలసిన తేదీ, సంఘటన జరిగిన తేదీ ఆమె చెబితే రాసుకుని ఆ వారం పలకరించండి. ఆరు వారాల ఫోన్ తర్వాత, చట్టం ఉంచమన్నవి తప్ప మిగతా ఫారాలన్నీ చించేయండి.