ఆట లేని రోజున చూసిన అరీనా లెక్కలోకి వస్తుందా?

దారిబత్తెం:
2025 జులైలో కుటుంబంతో కలిసి అట్లాంటా నుంచి బోస్టన్ దాకా కారులో వెళ్లి వచ్చాను. దారిలో మూడు కాలేజీ ఐస్ హాకీ అరీనాలు చూశాను: ప్రిన్‌స్టన్‌లో హోబీ బేకర్ రింక్, న్యూ హేవెన్‌లో యేల్ విశ్వవిద్యాలయం వారి ఇంగాల్స్ రింక్, బోస్టన్‌లో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వారి మాథ్యూస్ అరీనా. ఎవరెన్ని హాకీ అరీనాలు చూశారో మనమంతా రాసుకునే ఉమ్మడి పట్టికలో, వీటితో నా పేరు ఎదుట అంకె 14కు చేరింది. పట్టిక నిర్వహిస్తున్న సభ్యుడు, ఆట చూడనివి లెక్కలోకి రావంటూ, నన్ను అడగకుండానే ఆ అంకెను 5కు దించారు. ఇది న్యాయమేనా?

నాలుగోవరుస:
దించినది నేనే. పెళ్లి అయిన మర్నాడు కల్యాణమండపానికి వెళ్లి, మడిచిపెట్టిన కుర్చీలు చూసి వచ్చి, పెళ్లి చూశానని ఎవరైనా చెప్పుకుంటారా? ఇథాకాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వారి లైనా రింక్‌ను తీసుకోండి. 1957లో కట్టిన ఆ భవనం బయటికి చాలా సాదాగా ఉంటుంది. అయితే ఎదుటి జట్టు ఆటగాళ్ల పేర్లు చదువుతున్నంతసేపూ విద్యార్థులంతా వార్తాపత్రికలు విప్పి ముఖాలకు అడ్డం పెట్టుకుని, చదువుతున్నట్టు నటించి, ఒక్కసారిగా వాటిని గాలిలోకి ఎగరేసినప్పుడు ఆ చోటు ఏమిటో తెలుస్తుంది. జులైలో మీకు తెలిసేది తలుపు రంగు మాత్రమే. ఒక్క ప్రశ్న: మీరు వెళ్లిన రోజున ఆ మూడింటిలో నేల మీద ఐసు ఉన్నదా?

ఉప్పుచేప:
లైనాలో హార్వర్డ్ జట్టు రాగానే చేపలు విసురుతారు, మరచిపోకండి. కార్నెల్ వాళ్లు వ్యవసాయ కళాశాల వాళ్లంటూ ఎగతాళిగా 1973లో హార్వర్డ్ వైపు వాళ్లు కోడిని విసిరితే, దానికి జవాబుగా మొదలైందని చెబుతారు.

దారిబత్తెం:
నేను మండపం చూశానంటున్నాను, పెళ్లి చూశాననడం లేదు. మనం పట్టికకు పెట్టుకున్న పేరు కూడా "చూసిన అరీనాలు" అనే కదా. హంపికి వెళ్లి వచ్చినవారిని, ఆ రోజు రాయలవారి కొలువు జరిగిందా అని ఎవరైనా అడుగుతారా? ఇంగాల్స్ రింక్‌ను ఏరో సారినెన్ రూపొందించారు, 1958లో పూర్తయింది. మధ్యలో వెన్నెముకలా కాంక్రీటు కమాను సాగిపోతుంది, దాని నుంచి ఇరువైపులా జారే తీగల మీద చెక్కకప్పు నిలుస్తుంది. అందుకే జనం దానిని యేల్ తిమింగలం అంటారు. ఆట జరుగుతుంటే పక్ (ఆడే రబ్బరు బిళ్ల) మీద నుంచి చూపు తిప్పి ఆ కప్పును చూసేవారెవరు? ఇక ట్రాయ్‌లోని హ్యూస్టన్ ఫీల్డ్ హౌస్ అనే కాలేజీ అరీనా రెండో ప్రపంచయుద్ధ కాలపు నౌకాదళ గిడ్డంగి. రోడ్ ఐలాండ్ నుంచి విడదీసి తెచ్చి నిలబెట్టి, 1949లో తెరిచారు. ఆ ఉక్కు దూలాలకు ఏ సీజనైనా ఒకటే.

నాలుగోవరుస:
ఐసు ఉన్నదా, లేదా?

గోడకుర్చీ:
నాది తటస్థాభిప్రాయం. పాప్‌కార్న్ కొన్నచోటే లెక్క.

వెనకసీటు:
ఇక్కడ ఎవరూ అడగని లెక్క ఒకటుంది. మా వారు "అయిదు నిమిషాలు" అని దిగి లోపలికి వెళ్తారు. నేను, ఇద్దరు పిల్లలు, డబ్బాలో పులిహోర, నలభై నిమిషాలు పార్కింగులో ఉంటాము. ఒకచోట కావలి మనిషి వచ్చి, ఇక్కడ కారు ఆపకూడదని పిల్లల ఎదుటే కసిరాడు. ఆ అరీనా మా వారి పట్టికలో ఉంది. నా పట్టికలో కూడా ఉంది, వేరే శీర్షిక కింద.

దారిబత్తెం:
అమ్మా, మీ బాధ నిజమే, మా ఇంట్లోనూ ఆ మాట విన్నాను. అయితే నా ప్రశ్న పార్కింగు గురించి కాదు. నాలుగోవరుస గారికి సూటిగా చెబుతున్నాను: ఒకదానిలో ఐసు ఉంది, ఒకదానిలో లేదు, మూడోదానికి తాళం వేసి ఉంటే అద్దంలోంచి చూశాను.

నాలుగోవరుస:
అద్దంలోంచి! అందరూ చదివారనుకుంటాను.

దారిబత్తెం:
చదవనివ్వండి. కాలేజీ హాకీ అక్టోబరులో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. మా ఊరి బడులు ఆగస్టు మొదటి వారంలోనే తెరుస్తారు, కాబట్టి జూన్, జులై తప్ప మాకు దారి లేదు. మా జార్జియా రాష్ట్రంలో డివిజన్ వన్, అంటే పైస్థాయి కాలేజీ హాకీ జట్టు ఒక్కటీ లేదు. పక్క రాష్ట్రంలోని హంట్స్‌విల్ జట్టు కూడా 2021లో ఆగిపోయింది. మావాడికి పదకొండేళ్లు, వారానికి మూడు రోజులు తెల్లవారుజామున అయిదింటికి లేచి స్కేట్లు కట్టుకుంటాడు. ప్రిన్‌స్టన్‌లో హాకీ ఆడిన హోబీ బేకర్ 1918లో, యుద్ధం ముగిసిన కొన్ని వారాలకే, ఫ్రాన్స్‌లో విమానం కూలి చనిపోయాడని, ఆయన పేరిట 1923లో ఈ రింక్ కట్టారని, కాలేజీ ఆటగాళ్లకిచ్చే పెద్ద అవార్డు కూడా ఆయన పేరిటే ఉందని చెబితే, వాడు ఆ గోడ మీద చేయి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. మీరు కొట్టేసిన తొమ్మిదింటిలో ఆ రింక్ ఒకటి. మీ ఇంటికి మూడు గంటల దూరంలో ఎన్ని రింకులున్నాయో లెక్కపెట్టి, ఆ తరువాత నాకు నియమాలు చెప్పండి.

నాలుగోవరుస:
దగ్గర ఉండటం నా తప్పా? చెప్పవలసి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. చదువుకోవడానికి వచ్చిన మొదటి జనవరిలో గదిలో నాతో తెలుగు మాట్లాడే మనిషి లేడు, బయట మోకాలిలోతు మంచు. ఒక శుక్రవారం రాత్రి వెచ్చగా ఉంటుందని రింక్‌లోకి వెళ్లాను, లోపల ఇంకా చలిగా ఉంది. నాలుగో వరుసలో ఒక ముసలాయన జరిగి చోటిచ్చి, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మూడు పీరియడ్లూ ఓపికగా చెప్పాడు. నా పట్టికలో ఉన్న 11 అలాంటి రాత్రులు. వాటి పక్కన తాళం వేసిన తలుపును పెట్టి, 14 పెద్దదని చూపిస్తే నాకు కష్టంగా ఉంటుంది. నియమం పెట్టింది అందుకే. మీ అబ్బాయి మీద నాకు కోపం లేదు.

వెనకసీటు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఐసు గురించి ఇంత రాయవలసిన పని లేదు.

దారిబత్తెం:
అయితే రెండు వరుసలు పెట్టండి: ఆట చూసినవి, కట్టడం చూసినవి. మాథ్యూస్ 1910 నాటిది, బోస్టన్ వృత్తి హాకీ జట్టు బ్రూయిన్స్ 1924లో తొలి సీజన్ ఆడిన చోటు. 2025 డిసెంబరులో చివరి ఆట ఆడి మూసేశారు, అక్కడ కొత్తది కడతారు. అది మీ 11లో ఉందా?

నాలుగోవరుస:
లేదు. ప్రతి శీతాకాలం, వచ్చే ఏడాది మంచి ఆట చూసుకుని వెళ్దామనుకున్నాను. చివరి ఆటకు టికెట్ దొరకలేదు. పైకప్పు కనిపించే ఫొటో మీ దగ్గర ఉంటే పెట్టండి.

దారిబత్తెం:
మొత్తం పదకొండు ఉన్నాయి. తొమ్మిదింటిలో మావాడు అడ్డంగా నిలబడ్డాడు, మిగిలిన రెండు ఈ రాత్రికి పెడతాను. నా పేరు ఎదుట మాత్రం 14 ఉండాలి.

నాలుగోవరుస:
రెండు వరుసలు పెడతాను. తాళం వేసినది రెండోదానిలో కూడా రాదు. 13.