అమ్మానాన్నలు చివరికి కలవని నవల పిల్లలకి ఇవ్వొచ్చా?

వానాకాలంచదువు: మా పాప తొమ్మిదో క్లాసు. జూడీ బ్లూమ్ రాసిన ఇట్స్ నాట్ ది ఎండ్ ఆఫ్ ది వరల్డ్ (1972) తెచ్చిచ్చా. అందులో కరెన్ అని పన్నెండేళ్ళ పిల్ల, డైరీలో రోజుకో గ్రేడు వేసుకుంటుంది, అమ్మానాన్న విడాకులు తీసుకుంటుంటే ఎలాగైనా కలపాలని నానా తిప్పలు పడుతుంది, అన్న ఇంట్లోంచి పారిపోతే ఆ వంకన ఇద్దరూ ఒకచోటికొచ్చి ఇంకా పెద్ద గొడవ పెట్టుకుంటారు. ఆఖరికి కలవరు. మా వదిన చూసి "ఇలాంటివి చదివిస్తే రేపు దానికి పెళ్ళంటేనే విరక్తి పుడుతుంది" అంది. మీరేమంటారు?

పాతసినిమాపిచ్చి: మీ వదినగారు చెప్పింది కరెక్టే అండి. మన లేతమనసులు (1966) చూడండి, కవలపిల్లలే అమ్మానాన్నల్ని కలుపుతారు. పిల్లలకి అలాంటివి చూపించాలి. విడాకులు అమెరికావాళ్ళకి మామూలే, మనకెందుకు?

చెట్టుకిందమనిషి: బ్రో ఆ కవలల కథ మనది కాదు, ఎరిక్ కేస్ట్నర్ అనే జర్మన్ ఆయన 1949లో రాసిన పుస్తకం, డిస్నీ వాళ్ళు 1961లో తీశారు, తర్వాత తమిళం, అక్కడ్నించి మనకి. జర్మనీలోనూ కలిపారు మరి. తేడా కావాలంటే మిసెస్ డౌట్‌ఫైర్, భామనే సత్యభామనే పక్కపక్కన చూడండి. అదే ఆడవేషం, అదే నాన్న, ఇంగ్లీషులో కలవరు, కమల్ దాంట్లో కలిపేశారు. (నవ్వుకోడానికి నాకు కమల్‌దే ఇష్టం, జెమినీ గణేశన్ వెంటపడే సీన్లు అబ్బో.)

అర్ధరాత్రిచాయ్: నాకు పదమూడేళ్ళప్పుడు మావాళ్ళు విడిపోయారు. లేతమనసులు టీవీలో వస్తే చూసి నాకు తోచింది ఒకటే, ఆ పిల్లలు కలపగలిగారు, నావల్ల ఎందుకు కావట్లేదు అని. ఫస్ట్ ర్యాంకు తెస్తే వస్తాడేమో అని చదివా, జ్వరమొచ్చినట్టు నటించా, నాన్న వచ్చి బత్తాయిలిచ్చి వెళ్ళిపోయాడు. పిల్ల ఎంత చేసినా కుదరకపోవచ్చు, అది దాని తప్పు కాదు అని చెప్పే పుస్తకం అప్పుడు ఒక్కటి దొరికుంటే...

పాతసినిమాపిచ్చి: అలా ఆలోచించలేదు, సారీ అండి. కానీ హాయిగా ఉన్న పిల్లకి లేని భయం పెట్టడం ఎందుకు అన్నదే నా డౌటు.

వానాకాలంచదువు: పాప క్లాసులోనే అలాంటి పిల్లలు ఇద్దరున్నారండీ, ఆ భయం ఎప్పుడో పట్టుకుంది. అయినా తెలివిడొచ్చిన పిల్లల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ చట్టంలోనే ఉంది. ఎవరి దగ్గర ఉంటావమ్మా అని జడ్జి అడగొచ్చంట, నవల మాత్రం చదవకూడదంట!

చెట్టుకిందమనిషి: ఇంతకీ పాప ఏమంది?

వానాకాలంచదువు: ఇంకా సగంలోనే ఉంది. పొద్దున టిఫిన్ దగ్గర "రాత్రి మీరిద్దరూ అరుచుకున్నారుగా, నిన్నటికి సి గ్రేడు వేశా" అంది. మా ఆయన ఇడ్లీ అక్కడే ఆగిపోయింది.