స్వచ్ఛమైన గాలిలోకి వచ్చాక కూడా గ్యాస్ మానిటర్ మోగుతోంది: అలారం, కాలిబ్రేషన్ సందేహాలు

గిరింపేట వాసి

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మురుగునీటి శుద్ధి విభాగం చూస్తున్నాను. తోతాపురి సీజను కావడంతో ట్యాంకులు నిండుగా ఉన్నాయి, వాసనా అలాగే ఉంది. ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూపే చేతి మానిటర్ ఒకటి మా దగ్గర ఉంది.

నిన్న ట్యాంకు గట్టు మీద వాల్వు సరిచేస్తున్న పన్నెండు నిమిషాలూ హైడ్రోజన్ సల్ఫైడ్ 8 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు ఎన్ని వంతులో చెప్పే లెక్క) దగ్గరే నిలిచింది. మొదటి అలారం 10 దగ్గర పెట్టి ఉంది కనుక మోగదనే అనుకున్నాం. తీరా పని ముగిసే వేళకు మోగడం మొదలుపెట్టి, మేము గేటు దగ్గరికి వచ్చి తెర మీద 0 కనబడుతున్నా మరో ఐదారు నిమిషాలు ఆగలేదు. పరికరం చెడిపోయిందని మేనేజరు గారు అంటున్నారు. జనవరిలో చేయించిన కాలిబ్రేషన్ (తెలిసిన మోతాదు వాయువుతో రీడింగు సరిచేయడం) సర్టిఫికెట్టుకు ఏడాది గడువుంది కాబట్టి మధ్యలో ఏమీ చేయనక్కర లేదని కూడా ఆయన అభిప్రాయం. అదే సమయంలో ఆక్సిజన్ 20.1 శాతం చూపింది, దానికి అలారమేమీ రాలేదు. ఇందులో ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయవచ్చో తెలిసినవారు చెప్పగలరు.

రేణిగుంట ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్

పరికరం చెడిపోలేదండీ, తన పని తాను సరిగ్గా చేసిందనే నాకనిపిస్తోంది. ఇలాంటి మానిటర్లలో అప్పటికప్పటి రీడింగును బట్టి మోగే రెండు అలారాలతో పాటు, సగటును బట్టి మోగేవి మరో రెండు ఉంటాయి. ఒకటి గడిచిన పదిహేను నిమిషాల సగటు, దాన్ని ఎస్‌టీఈఎల్ అంటారు. రెండోది ఎనిమిది గంటల సగటు, అది టీడబ్ల్యూఏ. మీ పరికరంలో ఎస్‌టీఈఎల్ 5 పీపీఎం దగ్గర పెట్టి ఉండాలి. అమెరికాకు చెందిన ఏసీజీఐహెచ్ సంస్థ 2010లో హైడ్రోజన్ సల్ఫైడ్‌కు ఎనిమిది గంటల సగటు 1, పదిహేను నిమిషాల సగటు 5 అని సూచించాక చాలా పరికరాలు ఆ అంకెలతో వస్తున్నాయి. పాత సెట్టింగుల్లో ఇవి 10, 15గా ఉండేవి.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 8 పీపీఎంలో తొమ్మిదిన్నర నిమిషాలు ఉంటే 76 అవుతుంది, దాన్ని పదిహేనుతో భాగిస్తే 5 దాటుతుంది. అందుకే పని ముగిసే వేళకు మోగింది. మీరు పన్నెండు నిమిషాలకు బయటికి వచ్చారు, అప్పటికి సగటు 6.4. బయట తొలి మూడు నిమిషాల్లో ఆ పదిహేను నిమిషాల లెక్క నుంచి జారిపోయేవి మీరు ట్యాంకు గట్టు మీదికి ఎక్కక ముందున్న సున్నాలే కాబట్టి సగటు కదలదు. ఆ తర్వాతే తగ్గడం మొదలై ఐదున్నర నిమిషాలకు 5 కిందికి దిగుతుంది. మీరు చెప్పిన ఐదారు నిమిషాలు సరిగ్గా దీనికి సరిపోయాయి. తెర మీద 0 ఇప్పటి గాలిది, మోత ఇందాక మీరు పీల్చిన గాలిది. మోగినప్పుడు తెర మీద ఏ అక్షరాలు మెరుస్తున్నాయో చూసి రాసుకునే అలవాటు చేసుకుంటే ఇంత లెక్క కూడా అక్కరలేదు.

వాసన తగ్గింది కాబట్టి గ్యాసు పోయిందని మాత్రం ఎవరినీ అనుకోనివ్వకండి. సుమారు 100 పీపీఎం దగ్గర ముక్కు ఆ వాసనను పసిగట్టే శక్తినే కోల్పోతుంది.

కరకంబాడి రోడ్డు

సర్టిఫికెట్టు గురించి నేను చెబుతాను. తిరుపతిలో భూగర్భ డ్రైనేజీ పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర భద్రత చూస్తాను. జనవరి సర్టిఫికెట్టు జనవరిలో ఆ పరికరం ఎలా ఉందో చెబుతుంది, అంతే. ఆ తర్వాత అది కింద పడి ఉండవచ్చు, నీళ్లలో తడిసి ఉండవచ్చు, సెన్సారు మీది జల్లెడ బురదతో మూసుకుపోయి ఉండవచ్చు.

పని మొదలుపెట్టే రోజున ముందుగా బంప్ టెస్టు చేయాలి. సిలిండరులోని పరీక్ష వాయువును కాసేపు పట్టించి అన్ని సెన్సార్లూ స్పందిస్తున్నాయా, అలారం, లైటు, వైబ్రేషన్ వస్తున్నాయా అని చూడటమే అది. కార్బన్ మోనాక్సైడ్ 100 పీపీఎం, హైడ్రోజన్ సల్ఫైడ్ 25 పీపీఎం, మీథేన్ 2.5 శాతం, ఆక్సిజన్ 18 శాతం కలిసిన సిలిండరు ఎక్కువగా వాడుకలో ఉంది. రీడింగు తయారీదారు చెప్పిన హద్దుల్లో లేకపోతే అప్పుడు పూర్తి కాలిబ్రేషన్ చేయాలి. సిలిండరుకూ గడువు తేదీ ఉంటుందని చాలామంది చూడరు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నవి త్వరగా బలం తగ్గుతాయి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది మండే వాయువుల సెన్సారు విషయంలో. ఆక్సిజన్ సెన్సారు ముసలిదయ్యే కొద్దీ తక్కువ చూపించి, తానే అలారం కొట్టి చెబుతుంది. మండే వాయువుల సెన్సారు అలా కాదు. కన్వేయర్లకు కొట్టే సిలికాన్ స్ప్రే, సిలికాన్ సీలెంటు వంటి వాటి ఆవిరి తగిలితే వాయువును పసిగట్టే లోపలి పూస పాడై, ఎంత మీథేన్ ఉన్నా 0 చూపిస్తూ కూర్చుంటుంది. మంచి గాలిలో ఉన్న మంచి సెన్సారు చూపేదీ ఆ 0నే. పరీక్ష వాయువు పట్టించి చూస్తే తప్ప ఈ రెంటికీ తేడా తెలియదు. మీ ఫ్యాక్టరీలో అలాంటి స్ప్రే వాడుతున్నారేమో ఒకసారి విచారించండి.

ఇంకొకటి. పొద్దున మానిటర్ ఆన్ చేసి సున్నా సరిచేసేటప్పుడు నడుస్తున్న జనరేటరు పక్కన నిలబడకూడదు. అక్కడి గాలిలో 20 పీపీఎం కార్బన్ మోనాక్సైడ్ ఉంటే పరికరం దాన్నే సున్నాగా తీసుకుంటుంది. ఆపైన 35 దగ్గర మోగవలసిన అలారం 55 దాకా మోగదు.

పలమనేరు

పైవారిద్దరూ చక్కగా చెప్పారు, అయితే నన్ను ఆపింది ఆ 20.1. ఆక్సిజన్ అలారం 19.5 దగ్గర ఉంటుంది కనుక మోగకపోవడంలో వింత లేదు. కానీ మంచి గాలిలో ఉండవలసింది 20.9. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు మాత్రమే కాబట్టి, మరో వాయువు వచ్చి గాలిని నెట్టివేయడం వల్ల 0.8 తగ్గిందంటే, ఆ వచ్చిన వాయువు దాదాపు 3.8 శాతం ఉన్నట్టు. మామిడి వ్యర్థం పులిసే చోట అది కార్బన్ డయాక్సైడ్ కావచ్చు. ఆ వాయువు 4 శాతముంటే తక్షణ ప్రాణాపాయం కిందే లెక్క, మీ నాలుగు వాయువుల మానిటరుకు దాన్ని చూసే కన్నే లేదు. సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడుకోవడం వల్ల తగ్గి ఉంటే కార్బన్ డయాక్సైడ్ ఇంతకంటే చాలా తక్కువే ఉంటుంది, ఉక్కపోతలో నీటి ఆవిరి వల్ల కూడా కొంత తగ్గుతుంది. కారణం ఏదో తేల్చుకోవడానికి కార్బన్ డయాక్సైడ్ సెన్సారు ఉన్న పరికరం ఒకటి అద్దెకైనా తెప్పించండి. గట్టు మీదే ఇలా ఉంటే ట్యాంకు లోపల ఎలా ఉంటుందో ఆలోచించండి. 2018లో మా మండలంలోనే ఒక హేచరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు చనిపోయారు.

మీ కోల్డ్ స్టోరేజీలో అమోనియా ఉంటే దానికీ ఈ మానిటరు పనికిరాదు, విడిగా అమోనియా సెన్సారు ఉండాలి.

గిరింపేట వాసి

అందరికీ కృతజ్ఞతలు. సెట్టింగులు తెరిచి చూశాను, ఎస్‌టీఈఎల్ 5 అనే ఉంది. లెక్కంతా కాగితం మీద వేసి మేనేజరు గారికి చూపించాను. సిలిండరు, రెగ్యులేటరు కొనడానికి ఒప్పుకున్నారు. కార్బన్ డయాక్సైడ్ పరికరం వచ్చేదాకా గట్టు మీది పని ఆపించాను. అది వచ్చాక ట్యాంకు మూత తీసి లోపల చూడాలంటే గొట్టం దింపితే చాలా?

కరకంబాడి రోడ్డు

చాలు, కానీ పంపు ఉన్న మానిటరైతేనే. పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా విడివిడిగా చూడండి. మీథేన్ పైకి చేరుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ అడుగున పేరుకుంటాయి. గొట్టం పొడవును బట్టి గాలి పైకి రావడానికి పట్టే సమయం మాన్యువల్‌లో ఉంటుంది, దానికి సెన్సారు స్థిరపడే సమయం కలిపి ప్రతి చోటా అంతసేపు ఆగాలి. గొట్టం కొస నీళ్లలో మునగనివ్వకండి, వడపోత ఫిల్టరు తప్పనిసరిగా ఉంచండి.