పాత బిల్డింగ్‌ని నర్సింగ్ హోమ్‌గా మారుస్తున్నాం: డిజైన్ బాధ్యత ఎవరి మీద పెట్టాలి?

విజయవాడ_సైట్:
విజయవాడలో 1996లో కట్టిన జీ+4 కమర్షియల్ బిల్డింగ్‌ని నర్సింగ్ హోమ్‌గా మారుస్తున్నాం. పాత స్ట్రక్చరల్ డ్రాయింగులు లేవు. ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ కన్సల్టెంట్, సివిల్ కాంట్రాక్టర్, ఏసీ-ప్లంబింగ్ వాళ్లు, అందరితో ఓనర్‌కి విడివిడిగా ఒప్పందాలున్నాయి. కాలమ్ జాకెటింగ్‌లో (పాత కాలమ్ చుట్టూ కొత్త స్టీల్, కాంక్రీట్ వేసి బలపరచడం) కెమికల్ యాంకర్ల (పాత కాంక్రీట్‌లో రంధ్రం వేసి కెమికల్‌తో అతికించే రాడ్ల) డిజైన్ దగ్గర పని ఆగింది. కన్సల్టెంట్ గారేమో యాంకర్లు అమ్మే వెండర్ ఇస్తాడంటున్నారు. వెండర్ సాఫ్ట్‌వేర్ ప్రింటవుట్ ఇచ్చి సంతకం మాత్రం పెట్టనంటున్నాడు. డ్రాయింగ్ చేతికొస్తే గానీ డ్రిల్ పట్టనని కాంట్రాక్టర్. మొత్తం ఒకరికే లంప్‌సమ్‌కి (పనంతటికీ ముందే ఖాయం చేసిన ఒకే ధరకి) ఇచ్చేస్తే తేలిపోతుందా?

స్ట్రక్చర్_డెస్క్:
తేలదండీ. ప్లాస్టర్ ఊడగొడితే గానీ లోపలేముందో తెలియని బిల్డింగ్ ఇది. లంప్‌సమ్ అంటే కాంట్రాక్టర్ ఆ రిస్కుకి ముందే డబ్బు వేసుకుంటాడు, లేదా కనబడని చోట పని తగ్గిస్తాడు.

ఆ ప్రింటవుట్ తీసి కాంక్రీట్ గ్రేడ్ దగ్గర ఏం కొట్టారో చూడండి. ఎం25 (ఎం పక్కన అంకె కాంక్రీట్ బలం), పగుళ్లు లేనిది అని ఉంటే, అది మీ కాలమ్‌ని చూసి కొట్టిన అంకె కాదు. ఆ కాలమ్‌లో కోర్ (పరీక్షకి గుండ్రంగా కోసిన కాంక్రీట్ ముక్క) తీస్తే ఎం15 కూడా రావచ్చు. అందుకే సంతకం పెట్టనంటున్నాడు, అందులో అతని తప్పేమీ లేదు. ఏ యాంకర్ మీద ఎంత బలం పడుతుంది, పాత కాంక్రీట్‌ని ఏ గ్రేడ్‌గా తీసుకోవాలి, ఈ రెండూ స్ట్రక్చరల్ కన్సల్టెంటే రాసివ్వాలి. వాటిని బట్టి సైజు, లోతు వెండర్ లెక్కిస్తాడు. ఆ లెక్క చూసి కన్సల్టెంట్ ఆమోదిస్తారు. హోల్ శుభ్రం చేయడం, కెమికల్ నింపడం, సైట్‌లో పుల్-అవుట్ టెస్ట్ (యాంకర్‌ని లాగి చూసే పరీక్ష) కాంట్రాక్టర్ పని. ఈ వరుస అందరి ఒప్పందాల్లోనూ ఒకే మాటగా ఉండాలి.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటుంది. 2016 నాటి ఐఎస్ 1893 (భూకంప డిజైన్ కోడ్) ప్రకారం విజయవాడ భూకంప జోన్ 3. మామూలు కమర్షియల్ బిల్డింగ్‌కి ఇంపార్టెన్స్ ఫ్యాక్టర్ (బిల్డింగ్ ఎంత ముఖ్యమైనదో బట్టి భూకంప బలాన్ని పెంచే గుణకం) 1.0, అందులో 200 మందికి పైగా ఉంటే 1.2. హాస్పిటల్‌కి 1.5. వాడకం మారినందుకే భూకంప బలం లెక్కలో 25 నుంచి 50 శాతం పెరుగుతుంది. కన్సల్టెంట్ ఒప్పందంలో 'జాకెటింగ్ డిజైన్' అని మాత్రమే రాసుకుంటే, మొత్తం బిల్డింగ్ చెక్ చేసే బాధ్యత ఎవరి మీదా పడలేదన్నమాట. ఐఎస్ 15988 (పాత కాంక్రీట్ బిల్డింగుల భూకంప పరిశీలన కోడ్) ప్రకారం పూర్తి మూల్యాంకనం అని రాయించండి, పునాది గుంటలు తవ్వి చూడటంతో సహా.

230×450 కాలమ్‌కి చుట్టూ 100 మి.మీ. జాకెట్ వేస్తే 430×650 అవుతుంది. 3 మీటర్ల ఎత్తుకి అదనంగా 0.53 ఘ.మీ., అంటే దాదాపు 1.3 టన్నులు. అయిదు అంతస్తులకి ఒక్కో ఫుటింగ్ మీద ఆరున్నర టన్నులు పెరుగుతుంది.

బిల్లింగ్_క్యూఎస్:
నా ఓటు ఐటమ్ రేటుకే (ఒక్కో పనికి విడి రేటు, చేసినంత కొలిచి చెల్లింపు). చిప్పింగ్ (పాత కాంక్రీట్ పైపొర చెక్కడం) చదరపు మీటర్లలో, యాంకర్లు డయా-లోతు వారీగా లెక్క పెట్టి, మైక్రో కాంక్రీట్ (ఇరుకు చోట్లలోకి పారే సన్న కాంక్రీట్) ఘనపు మీటర్లలో పెట్టండి. పరిమాణం 25 శాతం దాటితే రేటు ఎలా మారుతుందో, ఎక్స్‌ట్రా ఐటమ్‌కి మెటీరియల్ బిల్లు, లేబర్, పైన 15 శాతం లాంటి సూత్రం ఏదో ముందే రాసుకోవాలి. షట్టరింగ్ మూసేలోపు కొలత, ఫొటో, సంతకం అయిపోవాలి. మూసేశాక చిప్పింగ్ ఎంత లోతు కొట్టారో ఎవరూ నిరూపించలేరు, ఫైనల్ బిల్లులో పెద్ద తగాదా అదే.

విజయవాడ_సైట్:
ధన్యవాదాలు. కాలమ్ పని జరిగేటప్పుడు పై బరువు మోయడానికి తాత్కాలికంగా పెట్టే జాకీల డిజైన్ ఎవరిది? కాంట్రాక్టర్ అనుభవంతో పెడతానంటున్నాడు.

స్ట్రక్చర్_డెస్క్:
డిజైన్ కాంట్రాక్టర్‌దే, లోడ్ మాత్రం కన్సల్టెంట్ ఇవ్వాలి. ఒక్క అంతస్తులో జాకీలు పెట్టి వదిలేస్తే ఆ బరువంతా కింది స్లాబ్ మీద పడుతుంది. దానికది ఓర్చుకునే శక్తి ఉండదు. నేల దాకా ఒకే వరుసలో దింపాలి. పక్కపక్క కాలమ్‌లు ఒకేసారి చిప్పింగ్ చేయకూడదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది డ్రాయింగ్‌లోనే అంకెలు వేసి చూపించమనండి.

ఆర్కి_కోఆర్డినేషన్:
అసలు నష్టం మధ్యలో ఎవరూ చూడని చోట్లలో జరుగుతుంది. ఆర్కిటెక్ట్ వార్డు కారిడార్ 2.4 మీటర్లు గీస్తారు. రెండు వైపులా జాకెట్ 100 చొప్పున లోపలికొస్తే మిగిలేది 2.2. ఇది డ్రాయింగ్ దశలో పట్టుకోకపోతే ఫైర్ అనుమతి దగ్గర ఇరుక్కుంటారు. జాకెట్ సైజులు ఖరారయ్యాకే ఆర్కిటెక్ట్ ప్లాన్ ఫైనల్ చేయాలి. డ్రాయింగులన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే పని ఆర్కిటెక్ట్ ఒప్పందంలో విడిగా ఫీజుతో రాయండి. ఫీజు లేని కోఆర్డినేషన్ ఎవరూ చేయరు.

పాత ఫ్లోరింగ్ తీయకుండా పైన 50 మి.మీ. మోర్టార్, టైల్స్ వేద్దామంటారు. మోర్టారే చదరపు మీటరుకి దాదాపు 100 కిలోలు. ఐఎస్ 875లో (బిల్డింగ్ మీద బరువుల కోడ్) వార్డు లైవ్ లోడే (మనుషులు, మంచాల్లాంటి వాటి బరువు) చదరపు మీటరుకి 2 కిలో న్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోలు. ఇంటీరియర్ వాళ్ల ఒప్పందంలో 'కన్సల్టెంట్ రాతపూర్వక అనుమతి లేకుండా ఫ్లోర్ మందం పెంచరాదు' అన్న లైన్ తప్పక ఉండాలి.

ఏసీ-ప్లంబింగ్ వాళ్ల కోర్ కటింగ్‌కీ (పైపుల కోసం కాంక్రీట్‌లో రంధ్రాలు కోయడం) అంతే. రాడ్లు స్కాన్ చేసి, కన్సల్టెంట్ గుర్తు పెట్టిన చోటే బోర్ వేయాలి. బీమ్‌లో అస్సలు వద్దు. ప్లాస్టర్ తీశాక ఒకసారి, స్టీల్ కట్టాక షట్టరింగ్‌కి ముందు ఒకసారి కన్సల్టెంట్ వచ్చి చూడాలి, ఆ విజిట్లు ఫీజులోనే ఉండాలి. సైట్ నుంచి వచ్చే ప్రశ్నకి మూడు పనిదినాల్లో జవాబు అని గడువూ పెట్టండి, లేకపోతే కాంట్రాక్టర్ పని లేక ఖాళీగా ఉన్నందుకు రోజుల లెక్కన ఐడిల్ క్లెయిమ్ వేస్తాడు.