బ్రాడ్‌బ్యాండ్ సీస్మిక్ ఉంటే బావి లాగ్‌లు అక్కర్లేదా?

రాజాం_రాళ్ళబాబు: ఈ వాదన ఒకసారి తేల్చుకుందాం. సీస్మిక్ అంటే ధ్వని తరంగాలు కిందికి పంపి, రాతి పొరల నుంచి తిరిగొచ్చేవి నమోదు చెయ్యడం; బ్రాడ్‌బ్యాండ్ అంటే అందులో తక్కువ, ఎక్కువ ఫ్రీక్వెన్సీలు కూడా పట్టడం. బావి లాగ్ అంటే తవ్విన బావిలోకి పరికరం దింపి రాళ్ళని కొలిచిన రికార్డు. సముద్రంలో సర్వే ఓడ వెనక ఆ తరంగాల్ని పట్టే కిలోమీటర్ల పొడవు కేబుల్ లాగుతారు. అడుగు నుంచి వచ్చిన తరంగం కేబుల్‌ని దాటి పైకెళ్ళి, నీటి ఉపరితలానికి తగిలి తలకిందులై మళ్ళీ దిగుతుంది. అదే ఘోస్ట్. కేబుల్ 7.5 మీటర్ల లోతులో ఉంటే 100 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్‌ని తినేస్తుంది, సున్నా హెర్ట్జ్ వైపూ నీరసపరుస్తుంది. 2007లో పీడనంతో పాటు నీటి కదలికనీ కొలిచే కేబుల్ వచ్చింది, ఘోస్ట్‌ని తీసెయ్యగలుగుతున్నారు. కింద 3 హెర్ట్జ్ దాకా సిగ్నల్ దొరుకుతోంది. ఇంక ఇంపెడెన్స్ (రాతిలో తరంగం వేగం, సాంద్రతల గుణకారం) లెక్కకి బావి లాగ్‌లు అక్కర్లేదు.

గరివిడి_భూగర్భం: "అక్కర్లేదు" అనకండి సార్. 3 కంటే తక్కువది ఎక్కడి నుంచి తెస్తారు? ఇప్పటికీ బావి నుంచో, వేగాల మోడల్ నుంచో నింపుతున్నదే.

రాజాం_రాళ్ళబాబు: ఒకప్పుడు 8 కింద మొత్తం నింపేవాళ్ళం తమ్ముడూ. 8కీ 3కీ తేడా లేదా?

గరివిడి_భూగర్భం: తేడా లేదని నేననలేదు. "అక్కర్లేదు" తప్పు అన్నాను.

పలాస_జీడిపప్పు: ఒక్క మాట పట్టుకుని ఇద్దరూ వేలాడుతున్నారు. భోంచేసొస్తా.

కళింగపట్నం_తీరం: కేబుల్ లోతు సరే. ఆ ఓడొచ్చినప్పుడు మా చిన్నాన్న వల తెగిపోయింది. ముందు నడిచే కాపలా పడవవాళ్ళు మైకులో హిందీలో ఏదో అరిచి పోయారు. వల డబ్బు ఇంతవరకూ రాలేదు.

రాజాం_రాళ్ళబాబు: బాధే బాబూ, కానీ ఇక్కడి ప్రశ్న వేరు.

కళింగపట్నం_తీరం: ఏటి వేరు? సముద్రం ఒకటే కదా.

బొబ్బిలి_వీణ: కృష్ణా–గోదావరి తీరం దగ్గరి సముద్రంలోని కేజీ డీ6 క్షేత్రంలో 2009లో గ్యాస్ మొదలై, 2010 తర్వాత కొన్నేళ్ళు పడిపోతూ వచ్చింది. అక్కడా సీస్మిక్ ఉంది, బావులూ ఉన్నాయి.

గరివిడి_భూగర్భం: ఇంపెడెన్స్ వచ్చిందే అనుకుందాం. అది వేగాన్ని సాంద్రతతో గుణిస్తే వచ్చే అంకె, అదొక్కటే చూసి రాయి ఏదో చెప్పలేం. ఇసుకరాయికీ షేల్‌కీ (బంకమట్టి గట్టిపడ్డ రాయి) ఒకేలా ఉండొచ్చు. విడదీయాలంటే పి (నొక్కుతూ సాగేవి), ఎస్ (అడ్డంగా ఊపుతూ సాగేవి) తరంగాల వేగాల నిష్పత్తి చూడాలి. గ్యాస్ ఇంకా ఘోరం. రంధ్రాల్లో కొద్దిపాటి గ్యాస్ ఉన్నా పి వేగం పడిపోతుంది, నిండా ఉన్నా పడిపోతుంది. తేడా తెలిసేది సాంద్రతలో, సీస్మిక్‌లో దొరకడం కష్టమైనదీ అదే. ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద ఉన్నప్పుడు ఇదే మొత్తుకున్నాను. స్లైడు మీద ఎర్రగా మెరిసిన చోట బావి వేశారు. నీళ్ళూ, పేరుకి గ్యాసూ. నా కాంట్రాక్టు పొడిగించలేదు.

రాజాం_రాళ్ళబాబు: అయితే కోపం మీ బాసు మీద. డేటానెందుకు తిడతావ్?

గరివిడి_భూగర్భం: డేటాని ఎక్కడ తిట్టాను? రాసింది చదవకుండా జవాబివ్వడం మీకు అలవాటైపోయింది!

రాజాం_రాళ్ళబాబు: కేకలొద్దు. ఆ స్లైడులో పోరాసిటీ, అదే రాతిలో రంధ్రాల వాటా, ఎంతని రాశావ్?

గరివిడి_భూగర్భం: 18 నుంచి 27 శాతం. పైనాయన కొట్టేసి 24 అని పెట్టాడు.

రాజాం_రాళ్ళబాబు: నేనైనా అదే చేసేవాణ్ణి. అంత డబ్బు పోసేవాడికి ఇటైనా కావచ్చు, అటైనా కావచ్చంటే ఏం చేసుకుంటాడు? ఒక అంకె చెప్పి దానికి కట్టుబడాలి.

గరివిడి_భూగర్భం: అంకె చెప్పింది ఆయన, రోడ్డున పడింది నేను. బ్రాడ్‌బ్యాండ్ నాకెందుకంటే ఆ 18–27ని 20–25 చెయ్యడానికి. మీకేమో దాన్ని చెరిపెయ్యడానికి.

రాజాం_రాళ్ళబాబు: నువ్వు 20–25 అన్నా మేనేజరు 24 అనే పెడతాడు.

గరివిడి_భూగర్భం: పెట్టుకోమనండి. కింద నా పేరు మాత్రం తీసెయ్యమనండి.