సర్పంచే పని చేయించుకుని బిల్లు తీసుకుంటే తప్పా?

మానేరువాగు:
మొన్న డిసెంబరులో (2025) తెలంగాణ పంచాయతీ ఎన్నికలు అయ్యాయి కదా, మా పక్క ఊళ్లో కొత్త సర్పంచ్ వచ్చీరాగానే ఒక సీసీ రోడ్డు పని మొదలుపెట్టాడు. తీర్మానం ఆయనదే, కాగితం మీద కాంట్రాక్టర్ ఆయన బావమరిది, ట్రాక్టర్లూ కాంక్రీటు కలిపే మిల్లరూ ఆయనవే, రేపు చెక్కు మీద సంతకం కూడా ఆయనదే. ఇదేం పద్ధతి అంటే ఊళ్లో వాళ్లు నన్నే ఎగాదిగా చూస్తున్నారు. రోడ్డు పడిందా లేదా, ఎవరేస్తే నీకేంటి అంటున్నారు. నాకైతే తప్పే అనిపిస్తోంది. మీరేమంటారు? పార్టీల పేర్లు మాత్రం తేవద్దు ప్లీజ్.

లాపాయింట్:
ఇందులో చర్చించడానికి ఏముంది? 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం చూడండి, పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టులో గానీ పనిలో గానీ సొంత ప్రయోజనం ఉన్నవాడు పోటీకే అనర్హుడు, గెలిచాక అలాంటి ప్రయోజనం సంపాదించుకున్నా సభ్యత్వం పోతుంది. కంపెనీలో ఉత్త వాటాదారుగా ఉంటే మాత్రం వదిలేశారు. తెలంగాణ 2018 చట్టం కూడా అదే దారిలో ఉంది. పైగా వ్యాపారం చేయకూడదని చట్టం కట్టడి చేసిన పబ్లిక్ సర్వెంట్ చేస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 202 కింద ఏడాది వరకు జైలు. అయితే మీ కేసులో పేరు బావమరిదిది. వెనక ఉన్నది సర్పంచేనని రుజువు చేయాల్సింది ఫిర్యాదు చేసినవాడే. అక్కడే అన్నీ ఆగిపోతాయి.

మాజీ_సర్పంచ్:
లాపాయింట్ గారూ, పుస్తకంలో ఉన్నది మాకూ తెలుసు. నేను 2019 జనవరిలో గెలిచి 2024 జనవరి దాకా చేశాను. పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమంలో వైకుంఠధామం (శ్మశానం), డంపింగ్ యార్డు, ప్రకృతి వనం అని వరసపెట్టి టార్గెట్లు, చేయకపోతే షోకాజ్ నోటీసు, సస్పెన్షన్ అని బెదిరింపు. బయటి కాంట్రాక్టర్‌ని పిలిస్తే నవ్వి వెళ్లిపోయేవాడు, బిల్లు ఎప్పుడొస్తుందో వాడికి తెలుసు కదా. చివరికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి నేనే చేయించాను. నా పేరు పెట్టకూడదు కాబట్టి ఇంకొకరి పేరు పెట్టాను, దాచేదేం లేదు. ఎంబీ (పని కొలతలు రాసే పుస్తకం) రికార్డయింది, ట్రెజరీలో బిల్లుకి టోకెన్ పడింది, డబ్బులు మాత్రం పడలేదు. నాకొచ్చే గౌరవ వేతనం నెలకి 6,500. 2024లో మాజీ సర్పంచులు బిల్లుల కోసం హైదరాబాద్ వెళ్తే అరెస్టు చేశారు, ఆ వార్త చదివే ఉంటారు. అప్పు చేసి ఊరికి శ్మశానం కట్టినవాడిని పట్టుకుని "సొంత లాభం" అంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఉప్పుకారం:
అన్నా, నీ బాధ నిజమే. కానీ సర్పంచ్ ఎన్నికల్లో చిన్న ఊళ్లకి ఖర్చు పరిమితి లక్షన్నర, అయిదు వేల జనాభా దాటితే రెండున్నర లక్షలు. అసలు ఒక్కొక్కరు ఎంత పెట్టారో మన ఊళ్లల్లో అందరికీ తెలుసు. అంత పెట్టి 6,500 జీతానికి ఎవరొస్తారు? పని మీద కన్నేసుకునే వస్తారు. బిల్లులు రావడం లేదు కాబట్టి చేస్తున్నాం అంటున్నారు, సరే, టంచనుగా వచ్చే బిల్లులున్న పని పక్కవాడికి వదిలిన సర్పంచ్‌ని ఒక్కణ్ని చూపించు.

మాజీ_సర్పంచ్:
ఉన్నారు తమ్ముడూ. వాళ్ల గురించి ఎవరూ పోస్టులు పెట్టరు.

ఫ్రిస్కో_బాబాయ్:
నేను టెక్సస్‌లో ఉంటా. ఇక్కడ సిటీ కౌన్సిల్ వాళ్లకి స్టేట్ చట్టంలో ఒక లెక్క ఉంది. ఏదైనా వ్యాపారంలో 10 శాతం ఓటింగ్ వాటా ఉన్నా, 15,000 డాలర్ల విలువైన భాగం ఉన్నా, ఆ వ్యాపారం విషయం కౌన్సిల్‌కి వచ్చినప్పుడు ముందే అఫిడవిట్ ఇచ్చి చర్చకీ ఓటుకీ దూరంగా ఉండాలి. దగ్గరి బంధువుదైనా అంతే. అలా చేశాక పని వాళ్లకి దక్కినా తప్పు లేదు. మన దగ్గర పూర్తిగా వద్దు అని రాసేసి చాటున అంతా నడిపించే బదులు, ఇలా బయటపెట్టి పక్కకి తప్పుకునే పద్ధతి పెడితే పోదా?

గోదారి_లంక:
బాబాయ్, మా ఊరు వచ్చి చూడండి. వార్డు మెంబర్లు అయిదు నుంచి ఇరవై ఒక్క మంది దాకా ఉంటారు, చిన్న పంచాయతీ అయితే అందులో సగం మంది ఒకే ఇంటిపేరు, మిగతా వాళ్లు వియ్యంకులు. బంధువులంతా బయటికి వెళ్తే తీర్మానం చదవడానికి సెక్రటరీ ఒక్కడే మిగులుతాడు. ఇంకోటి, మహిళా సర్పంచ్ ఉన్నచోట అసలు నడిపేది భర్త. అఫిడవిట్ ఆమె ఇస్తుంది, మిల్లర్ ఆయన తిప్పుతాడు. ఏపీలో మా బాధ ఇంకోలా ఉంది, ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులే రోడ్డెక్కారు. పంచాయతీ ఖాతాలో ఏమీ మిగలనప్పుడు ఎవరి ప్రయోజనం ఎక్కడ అడ్డొస్తుంది చెప్పండి.

ఫ్రిస్కో_బాబాయ్:
ఆ చిక్కు వాళ్లకీ తెలిసే ఉంటుంది. మెజారిటీ సభ్యులకి అలాంటి ప్రయోజనమే ఉండి అందరూ అఫిడవిట్ ఇస్తే, తప్పుకోనక్కర్లేదని ఆ చట్టంలోనే రాశారు. కనీసం కాగితం మీద ఎవరికేముందో ఊరికి తెలుస్తుంది కదా.

ఎంబీ_రాసినవాణ్ని:
పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో చేసి రిటైరయ్యాను. డబ్బు ఎవరికి మిగిలింది అనే దాని చుట్టూనే అందరూ తిరుగుతున్నారు. నాకు ఇబ్బంది అక్కడ కాదు. చిన్న పనులు టెండర్ లేకుండా నామినేషన్ మీద ఇస్తారు, అందుకే పెద్ద రోడ్డుని లిమిట్ లోపు బిట్లుగా కోసేస్తారు, అది మామూలే. తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) వెళ్లి కొలిచి ఎంబీ రాయాలి. పని చేసినవాడు బయటి మనిషైతే సర్పంచ్ నా పక్కన నిలబడి "సార్, ఇక్కడ మందం తగ్గించాడు, చూసి రాయండి" అనేవాడు. ఊరి తరఫున అడిగే మనిషి ఆయన. ఇంజినీర్‌కి అంతకంటే బలం ఇంకేం కావాలి? అదే సొంత పని అయితే ఆ మాట అనాల్సిన మనిషే "ఎంబీ ఎప్పుడు రాస్తారు సార్" అని రోజూ ఫోన్ చేస్తాడు, నాలుగో రోజు ఎమ్మెల్యే గారి పీఏ చేస్తాడు. సర్పంచ్ మంచివాడా చెడ్డవాడా అన్నది నాకు అనవసరం, అప్పు చేసినవాడు ఇంకా గట్టిగా తొందరపెడతాడు, పాపం వడ్డీ పెరుగుతోంది కాబట్టి. మాజీ సర్పంచ్ గారిని అనడం లేదు, కానీ మీ పనిని కొలిచేటప్పుడు ఊరి వైపు ఎవరు నిలబడ్డారు?

ఉప్పుకారం:
ఉప సర్పంచ్ నిలబడాలి కదా సార్! తెలంగాణలో చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఆయన సంతకం కూడా ఉండాలని జాయింట్ చెక్ పవర్ పెట్టింది అందుకేగా. మా ఊళ్లో మొదట సంతకం పెట్టనని మొండికేశాడు, ఒక మోరీ పని ఆయన తమ్ముడికి ఇచ్చారు. అప్పట్నుంచి సంతకాలకి ఏ ఇబ్బందీ లేదు 😄

మాజీ_సర్పంచ్:
ఇంజినీర్ గారూ, నిజం చెప్పాలంటే ఎవరూ నిలబడలేదు. మీరన్న దాన్ని కాదనను. కానీ దానికి మందు నన్ను అనర్హుణ్ని చేయడం కాదు, పని పూర్తయిన నెలలోపు బిల్లు ఇవ్వండి చాలు. అప్పుడు బయటి కాంట్రాక్టర్లు వాళ్లే వస్తారు, నేను హాయిగా మందం కొలిపించుకుంటా. అప్పటికీ బావమరిదిని తెచ్చేవాడుంటే వాణ్ని పీకేయండి, నేనే వచ్చి సాక్ష్యం చెప్తా.

లాపాయింట్:
నెలలోపు బిల్లు వచ్చిన రోజు పోటీ ఇంకా పెరుగుతుంది సార్, తగ్గదు. అప్పుడు బావమరుదులు క్యూ కడతారు.

మానేరువాగు:
ఇంత మాట్లాడుకున్నాక నాకు ఒక్కటే కావాలి. ఆ రోడ్డు ఎస్టిమేట్, ఎంబీ కాపీ నాలాంటోడు తీసుకోవచ్చా?

ఎంబీ_రాసినవాణ్ని:
ఎందుకు తీసుకోకూడదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆ పైన పది. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎంబీ, ఎస్టిమేట్ ఇంజినీరింగ్ సెక్షన్ దగ్గరుంటాయి, తీర్మానం కాపీ పంచాయతీలో అడగండి. ఉత్తినే "వివరాలు ఇవ్వండి" అని రాయొద్దు, పని పేరూ సంవత్సరమూ వేసి ఫలానా కాగితం కావాలని రాయండి. లేకపోతే ఏదో ఒక ముక్క పంపి చేతులు దులుపుకుంటారు.

మాజీ_సర్పంచ్:
అదే దరఖాస్తులో ఇంకో లైను రాయి తమ్ముడూ. మీ మండలంలో ఏ ఊరికి ఎన్ని బిల్లులు ఎన్నాళ్లుగా పెండింగ్‌లో ఉన్నాయో ఆ లిస్టు కూడా అడుగు. వచ్చాక ఇక్కడే పెట్టు, చూద్దాం.